అక్క తూకం సరిగ్గానే ఉండేది

పుంగనూరులో నేను పనిచేసిన క్లినిక్ గోడమీద ఒక పట్టిక ఉండేది. మందుల కంపెనీవాళ్ళు అచ్చేసి ఇచ్చింది. ఎడమవైపు ఎత్తులు, కుడివైపు ఆ ఎత్తుకు ఉండాల్సిన బరువులు. ఆడవాళ్ళకొక వరస, మగవాళ్ళకొక వరస. దానికింద గుండు జరిపి చూసే తూకం యంత్రం. వచ్చిన రోగిని దానిమీద నిలబెట్టి, బరువు చదివి, పట్టికలో వేలు పెట్టి చూసి, చీటీమీద రాసి డాక్టరు దగ్గరికి పంపించడం నా పని. డెబ్బైల మధ్యలో, మదనపల్లెలో నర్సు పని నేర్చుకుని వచ్చిన కొత్తలో అక్కడ చేరినాను. ఆ పట్టికను నేను నమ్మినంతగా దేవుణ్ణి కూడా నమ్మలేదేమో.

నాకు ఒక్కతే అక్క, నాలుగేండ్లు పెద్ద. మా ఊరు సదుం దగ్గర. నాయనది మెట్ట సేద్యం, చెనక్కాయలు వేసేవాడు. ఇద్దరం ఒకే సంగటి తిని పెరిగినా మా ఒళ్ళు మాత్రం రెండు తీర్లుగా వచ్చినాయి. అక్క సన్నగా ఉండేది. ఎండకు పోతే తలనొప్పి వచ్చేది కాబట్టి ఇంట్లోనే ఉండి కుట్టూ అల్లికా నేర్చుకుంది. నేను చిన్నప్పటినుంచీ లావు. బాయికాడినుంచి రెండు బిందెలు ఒకేసారి తెచ్చేదాన్ని. కాయలు కొట్టినప్పుడు నాయనకు సాయంగా మూటలు బండికెత్తేదాన్ని. చుట్టాలొచ్చినప్పుడు మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, పెద్దది జొన్నదంటు మాదిరి, చిన్నది రోలు మాదిరి అని నవ్వేవాళ్ళు. అక్క నవ్వేది కాదు. వాళ్ళు పోయినాక నా జడ విప్పి మళ్ళీ అల్లేది. ఆమె ఓదార్పంతా ఆ అల్లడంలోనే ఉండేది.

అమ్మ నా పదిహేనో ఏట పోయింది. కాలికి చిన్న పుండు లేచి, ఎన్ని ఆకు పసర్లు కట్టినా మానలేదు. అది పైకి పాకి, జ్వరమొచ్చి, ఇరవై రోజుల్లో అంతా అయిపోయింది. అమ్మ కూడా సన్నమే. పుండుతో పోయిందని మేమూ, ఊరూ అనుకున్నాం. దాని వెనక వేరే జబ్బు ఉంటుందని చెప్పేవాళ్ళు ఆ కాలంలో మా ఊళ్ళో ఎవరూ లేరు.

అక్కను కుప్పంలో ఇచ్చినారు. బావ అక్కడ బడిలో గుమాస్తా. మంచి మనిషి, నెమ్మదస్తుడు. వాళ్ళకు ఒక్కతే కూతురు. అక్క తొక్కుడు మిషను పెట్టుకుని, బట్టల అంగడి సాయిబు పంపించే రవికెలూ లంగాలూ కుట్టేది. పొద్దున కూర్చుంటే అన్నం వేళకు లేచేది, మళ్ళీ కూర్చుంటే దీపాల వేళకు లేచేది. ఆ వీధిలో సగంమంది తమిళం మాట్లాడతారు. వాళ్ళంతా కూడా ఆమె ఒంటి తీరు చూసి మెచ్చుకునేవాళ్ళే.

ఏడాదికి రెండుసార్లు అక్క నాయనను చూడడానికి వచ్చేది. కుప్పం నుంచి పలమనేరు మీదుగా బస్సులో పుంగనూరు వచ్చి, నా దగ్గర ఒక పూట ఆగి, సదుం బస్సెక్కేది. ఆ పూట నేను ఆమెను తూకం యంత్రం ఎక్కించేదాన్ని. నలభైతొమ్మిది కిలోలు. అయిదడుగుల ఆడమనిషికి ఉండాల్సినంతే. మూడేండ్లు, నాలుగేండ్లు, ఎప్పుడు చూసినా అదే అంకె, మహా అంటే అర కిలో అటూ ఇటూ. సరిగ్గా ఉండావక్కా అని చెప్పేదాన్ని. చెప్తున్నప్పుడు నా గొంతులో కొంచెం అసూయ కూడా ఉండేది. ఆ మాట ఇప్పుడు దాచుకోవడమెందుకు?

ఎందుకంటే నా బరువు అరవై ఎనిమిది. పట్టిక ప్రకారం నేను కనీసం పన్నెండు కిలోలు తగ్గాలి. రోగుల బరువు రాస్తూ, వాళ్ళకు బుద్ధి చెప్తూ, నేను అలా ఉండడం నాకు అవమానంగా తోచేది. రాత్రి సంగటి మానేసినాను. పగలు మజ్జిగన్నం ఒక్క ముద్ద. ఒకరోజు బస్టాండు దగ్గర కళ్ళు తిరిగి పడిపోతే పూలమ్మే ఆమె నీళ్ళు చల్లి లేపింది. రెండు నెలల్లో నాలుగు కిలోలు తగ్గి, మూడో నెలలో అయిదు పెరిగినాను.

అక్క అప్పుడప్పుడూ ఏవో చెప్పేది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు పట్టు తప్పుతోందనీ, ఎన్ని నీళ్ళు తాగినా నోరు పిడచకట్టుకు పోతోందనీ, అరికాళ్ళు మొద్దుబారి చెప్పు జారిపోయినా తెలియడం లేదనీ. చేతులు సన్నగా పుల్లల్లా ఉన్నా, కుచ్చిళ్ళ దగ్గర మాత్రం పొట్ట నిలబడింది. చీర కట్టుకుంటున్నప్పుడు నేనే చూసినాను. కాన్పు తర్వాత అందరికీ అంతే అనుకున్నాను. నీరసానికి టానిక్కు సీసా ఇచ్చినాను.

ఒకసారి, ఆమె సదుం బస్సుకు లేస్తూ, గుమ్మం దగ్గర ఆగి అడిగింది.

"మే, అమ్మకొచ్చింది మామూలు పుండు కాదు, చక్కెర జబ్బు అయ్యుంటాది అంటాండాడు మీ బావ. అది నాకేమన్నా వస్తాదా?"

"అది లావుగా ఉండేవాళ్ళకొచ్చే జబ్బక్కా," అన్నాను. "నీకెందుకు వస్తాది? వస్తే నాకు రావల్ల."

ఆ మాటకు ఇద్దరం నవ్వినాం కూడా. నా వెనక బల్లమీద స్పిరిట్ దీపం ఉంది, గాజు గొట్టాలున్నాయి, మూత్రంలో చక్కెర చూసే నీలం మందు సీసా ఉంది. ఆ పొద్దున్నే నలుగురికి పరీక్ష చేసి ఉన్నాను. నలుగురూ లావుపాటివాళ్ళే. అయిదు నిమిషాల పని. సన్నగా ఉండే మనిషికి ఆ పరీక్ష చేయాలని నాకు తట్టలేదు. అక్క బస్సెక్కి పోయింది.

రెండేండ్ల తర్వాత, ఎనభైల మొదట్లో, బావ ఆమెను తీసుకుని ముందు చెప్పకుండా క్లినిక్కుకు వచ్చినాడు. బొగ్గుల ఇస్త్రీపెట్టెలోంచి ఒక నిప్పు జారి అక్క కాలివేళ్ళ మధ్య పడిందంట. ఆమెకు తెలియలేదు. కమురు వాసన వస్తే బట్ట కాలిందేమో అని చేతిలో రవికె తిప్పి చూసుకుందంట. అది జరిగి నెలన్నర అయింది. పుండు మానలేదు. అక్క గుమ్మంలో ఉండగానే నాకు ఆ వాసన తగిలింది. అమ్మ మంచం దగ్గర పీల్చిన వాసన అది. ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది.

దీపం వెలిగించి గొట్టం పట్టుకున్నాను. నీలం మందు పొంగింది. నీలం పచ్చగా మారింది, పచ్చ పసుపయింది, పసుపు మీద ఆగుతుందేమో అని చూస్తూ ఉండగానే ఇటుక రంగుకు తిరిగి అడుగున మడ్డిగా దిగింది. అంత ఎరుపు నేను చాలా తక్కువసార్లు చూసినాను. డాక్టరు ముసలాయన. గొట్టం వెలుతురుకు పట్టి చూసినాడు. మదనపల్లెలో పెద్దాసుపత్రికి ఉత్తరం రాసిచ్చినాడు. ఆయన రాస్తూ ఉండగా నేను అలవాటుకొద్దీ అక్కను తూకం ఎక్కించినాను. నలభై ఎనిమిది. అప్పుడు కూడా పట్టికలో ఆమె సరిగ్గానే ఉంది.

మదనపల్లెలో రెండు కాలివేళ్ళు తీసేసినారు. మూడు వారాలు ఉండాల్సి వచ్చింది. నేను సెలవు పెట్టి అక్కడే ఉండిపోయినాను. పిల్లను చూసుకుంటూ బావ కుప్పానికీ మదనపల్లెకూ తిరిగేవాడు. నాయన ఊర్నుంచి వచ్చి వార్డు బయట వసారాలో తుండుగుడ్డ పరుచుకుని కూర్చునేవాడు.

ఆ వార్డు చూసే డాక్టరమ్మ వయసులో చిన్నది. వేలూరులో చదువుకుని వచ్చిందని చెప్పుకునేవాళ్ళు. మాట కరుకుగా ఉన్నా చెయ్యి మెత్తన. ఒకరోజు ఆమె అక్క కట్టు చూసి వెళ్ళబోతుంటే నేను అడ్డం నిలబడినాను. మా అక్క ఎప్పుడూ లావెక్కలేదు, ఆమె బరువు ఏండ్ల తరబడి నేనే రాసినాను, ఒక్కసారి కూడా హద్దు దాటలేదు, అయినా ఈ జబ్బు ఎట్లా వచ్చింది అని అడిగినాను. అడగడం కాదు, దెబ్బలాడినట్టే అని ఉంటాను.

ఆమె కోప్పడలేదు. తన గదిలోకి పోయి పటకారు మాదిరి ఒక పరికరం తెచ్చింది. దాని మొన దగ్గర గడియారంలాంటి బిళ్ళ, దానిమీద అంకెలు. అక్క దాన్ని చూసి, ఇదేందమ్మా, నన్ను పొయ్యిమీదినుంచి దించుతావా అంది. వార్డులో పక్క మంచాలవాళ్ళు కూడా నవ్వినారు. డాక్టరమ్మ అక్క జబ్బ వెనక చర్మం వేళ్ళతో మడత పట్టి ఆ పటకారుతో కొలిచింది. తర్వాత వీపుమీద రెక్క కింద, తర్వాత నడుము పక్కన. నడుము దగ్గర పట్టుకున్న మడత చూసి నేను ఆశ్చర్యపోయినాను. ఆ సన్నటి మనిషికి అంత మడత ఎక్కడినుంచి వచ్చింది? తర్వాత, నువ్వూ రా, అని నన్ను కూడా కొలిచింది. కాగితం తీసుకుని లెక్క వేసింది.

"బరువును ఎత్తుతో ఒకసారి భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ ఎత్తుతో భాగిస్తే ఒక అంకె వస్తుంది," అంది. "మీ అక్కకు ఇరవై ఒకటి దగ్గరగా వచ్చింది, నీకు ఇరవై ఏడున్నర. దాన్నిబట్టి ఆమె సరిగ్గా ఉంది, నువ్వు లావు. మీ గోడమీది పట్టిక చెప్పేదీ ఇదే. కానీ ఆ బరువులో ఏముందో ఆ అంకెకు తెలియదు. ఈ మడతలు చెప్పేది వేరే సంగతి. అంచనాయే అనుకో. మీ అక్క ఒంట్లో వందకు ముప్పై ఆరు పాళ్ళు కొవ్వు. నీ ఒంట్లో ఇరవై ఎనిమిది."

నాకు అర్థం కాలేదని ఆమెకు తెలిసిపోయింది. కిలోల్లో చెప్పింది. అక్క ఒంట్లో పదిహేడు కిలోల పైన కొవ్వు ఉంది. నా ఒంట్లో పంతొమ్మిది. కొవ్వులో మేమిద్దరం దాదాపు సమానం. మా ఇద్దరి బరువుల్లో ఉన్న ఇరవై కిలోల తేడాలో కొవ్వు రెండు కిలోలే. మిగతాదంతా కండ, ఎముక. అక్కకు ఉండాల్సిన కండ లేదు, ఉండకూడనిచోట, పొట్ట చుట్టూ, కొవ్వు చేరింది. ఏండ్ల తరబడి కండ కరిగి కొవ్వు పెరుగుతూ ఉంటే తూకం కదలదు, ఆ రెండూ ఒకదాన్నొకటి కప్పెట్టేస్తాయి అంది. దానికితోడు తల్లినుంచి వచ్చిన జబ్బు. నీకు రాదని కూడా అనుకోవద్దు, నువ్వూ ఏడాదికొకసారి పరీక్ష చేసుకో అని నాతో చెప్పింది. ఎత్తుతో భాగించిన ఆ అంకె తర్వాత్తర్వాత బీఎమ్‌ఐ అనే పేరుతో అందరి నోళ్ళలోనూ పడింది. దాని సంగతి నేను వినడం ఆ రోజే మొదలు.

నాయన వసారాలోంచి కిటికీ పట్టుకుని ఇదంతా వింటూ ఉన్నాడు. డాక్టరమ్మ పోయినాక నెమ్మదిగా అన్నాడు.

"మూట తూకం వేరు మ్మా, గింజ తూకం వేరు. మండీలో దలాలి మూట ఎత్తి సూసి ధర కట్టడు. గుప్పెడు కాయలు దీసి వొలిచి సూస్తాడు, తాలెంత గింజెంత అని. మనం మన బిడ్డను పైపైన సూసి బాగుండాది అనుకుంటిమి."

ఆయన నన్ను తప్పు పట్టలేదు, మనం అన్నాడు. అందులో ఆయన కూడా ఉన్నాడు. కానీ నాకు తెలుసు, ఆ దలాలి పని నాది. గొట్టం నా చేతిలో ఉండేది.

ఆ రోజు మధ్యాహ్నం అక్కకు తల దువ్వుతూ చెప్పేసినాను. నువ్వు అడిగిన రోజు నేను పరీక్ష చేసి ఉంటే రెండేండ్ల ముందే తెలిసేది, నీ వేళ్ళు నీకుండేవి అన్నాను. నేను దువ్వుతూనే ఉన్నాను.

"నువ్వు లేదంటే నాకు హాయిగా అనిపించింది మే," అంది. "ఊరంతా నన్ను చూసి ఒళ్ళు చెయ్యకుండా ఉండాది అని మెచ్చుకుంటా ఉంటే, నాకేదో జబ్బు ఉండాదని చెప్పుకునేదానికి నాకే సిగ్గయ్యేది. నువ్వు చెప్పినావు, నేను నమ్మినాను. నమ్మల్లని ఉండె, నమ్మినాను."

క్షమించినాను అనలేదు. అలాంటి మాటలు మా ఇంట్లో లేవు. నా చేతిలో దువ్వెన తీసుకుని, నన్ను కిందికి కూర్చోమని, పడుకున్నచోటినుంచే నా జుట్టు చిక్కు తీసింది. చేతుల్లో శక్తి లేక రెండు మూడుసార్లు ఆగింది.

ఇన్సులిన్ మీద ఆమె కుప్పం పోయింది. గాజు సిరంజి ఎట్లా ఉడకబెట్టాలో, మందు ఎంత ఎక్కించాలో బావకు నేనే నేర్పినాను. మొదట్లో ఆయన సూది గుచ్చబోయి ఆగిపోయేవాడు. తర్వాత ఎంత బాగా చేసేవాడంటే, అక్క కళ్ళు మూసుకుని, అయిపోయిందా అని అడిగేదంట. మిషను తొక్కడానికి కాళ్ళు రాలేదు. సాయిబు ఇంటికొచ్చి పలకరించి, చేత్తో కుట్టే కాజాల పని ఉంటే పంపిస్తానన్నాడు, పంపించినాడు కూడా. కొన్నాళ్ళు చేసింది. తర్వాత కళ్ళు మసకేసినాయి.

ఏడాదిన్నర గడిచింది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. చివరిసారి మదనపల్లెకు తీసుకుపోయే దారిలో బావ ఆమెను పుంగనూరులో దించినాడు. చేతులు ఎముకలకు తోలు కప్పినట్టు ఉన్నాయి. మెడ కింద గుంటలు. కాళ్ళు మాత్రం మోకాళ్ళదాకా నీరుపట్టి నిగనిగలాడుతున్నాయి, మొహం ఉబ్బి ఉంది. నేను కుర్చీ తెచ్చేలోగా ఆమె గోడ పట్టుకుని పోయి తనంతట తాను తూకం యంత్రం మీద నిలబడింది.

"సూడు," అంది.

గుండు జరిపినాను. జరపకుండా ఉండాల్సింది. నలభైతొమ్మిది దగ్గర అది నిలిచింది. ఒంట్లో కండంతా పోయి, ఆ ఖాళీని నీరు నింపింది. పట్టికకు అది తెలియదు. అది ఆమెను ఇప్పటికీ సరిగ్గా ఉన్న మనిషి కిందే లెక్క కడుతుంది.

"ఎంత ఉండాది?"

"సరిగ్గా ఉండాదక్కా."

ఆమె నావైపు చూసి, దిగడానికి చెయ్యి చాచింది. ఎత్తుకుని దించినాను. చెనక్కాయ మూటలు ఎత్తిన చేతులు నావి. ఆమె నాకు ఏమాత్రం బరువనిపించలేదు.

పదకొండు రోజులకు మదనపల్లె ఆసుపత్రిలోనే పోయింది. నేను అప్పుడు పుంగనూరులో డ్యూటీలో ఉన్నాను. బస్సు కండక్టరు వచ్చి బావ ఇచ్చిన చీటీ నా చేతిలో పెట్టి, తల దించుకుని వెళ్ళిపోయినాడు. అక్కకు అప్పుడు ముప్పై ఆరేండ్లు. చీటీ చదివి, వరసలో ఉన్న రోగులను అట్లాగే వదిలిపెట్టి, చేతులు కూడా కడుక్కోకుండా బస్టాండుకు నడిచినాను.

కర్మ రోజు కుప్పంలో వీధి ఆడవాళ్ళంతా వచ్చినారు. అందరిదీ ఒకటే మాట. సన్నగా ఉండేది, తిండి మితంగా తినేది, ఒళ్ళు చేయలేదు, ఆమెకు ఈ రోగమేమి అని. ఒకామె నన్ను చూసి, నోరు జారి, ఈ చెల్లెలికి వచ్చి ఉన్నా ఒక అర్థముండేది అని పక్కామెతో అంది. నాకు కోపం రాలేదు. అదే మాట నేను మా అక్కతో అని ఉన్నాను. సన్నదనం వేరు, ఒంట్లో కొవ్వు తక్కువ ఉండడం వేరు, అది తూకంలో తెలియదు అని చెప్పబోయినాను. ఏడుపు అడ్డమొచ్చి సగంలో ఆగిపోయినాను. దుఃఖంలో ఏదో అంటున్నాననుకుని వాళ్ళు నన్ను వదిలేసినారు.

అందరూ పోయినాక ఎదురింటి ఆమె ఒక్కతే మిగిలింది. తమిళం కలిసిన తెలుగు. అక్కకన్నా సన్నగా, పుల్లలాగా ఉండేది. తనకు కూడా దాహం ఎక్కువగా ఉందనీ, ఎవరికీ చెప్పలేదనీ, నవ్వుతారని భయమనీ గొంతు తగ్గించి చెప్పింది. మర్నాడే ఆమెను నాతోపాటు పుంగనూరు తీసుకొచ్చి, తూకం ఎక్కించకుండా నేరుగా దీపం దగ్గరికి తీసుకుపోయినాను. గొట్టంలో నీలం పసుపుదాకా పోయి ఆగింది. ముందుగా తెలిసింది కాబట్టి మాత్రలతో, తిండి కట్టడితో, నడకతో ఆమె నిలబడింది.

ఆ తర్వాత క్లినిక్కులో లావైనా సన్నమైనా, తల్లికో తండ్రికో ఆ జబ్బు ఉన్నవాళ్ళందరికీ పరీక్ష చేస్తానని డాక్టరును అడిగినాను. ఆయన సరే అన్నాడు. నేను పస్తులుండడం మానేసినాను. ఏడాదికొకసారి బావ కూతుర్ని తీసుకొచ్చేవాడు, పిల్లకూ చూసేదాన్ని. ఆమెది తల్లి ఒంటి తీరే. మరిగినాక కూడా గొట్టం నీలంగానే ఉందని తేలేదాకా నేను దీపం దగ్గరినుంచి కదిలేదాన్ని కాదు.

ఎదురింటామె ఇంకా చాలా ఏండ్లు బతికింది. నేను కుప్పం పోయినప్పుడల్లా ఎదురొచ్చి చెయ్యి పట్టుకునేది, నీవల్లే ఉండాను తల్లీ అనేది. ఆమెను చూసి సంతోషపడాలి కదా. ఒక్కసారి కూడా పడలేకపోయినాను. ఆమె పట్టుకున్న చెయ్యి విడిపించుకుని, ఏదో పని ఉందని చెప్పి, తొందరగా లోపలికి పోయేదాన్ని.